కొట్టంలో మిగిలిన పెట్టెలు

అమ్ముడుపోని సరుకు ఎన్నేళ్లకు చెత్త అవుతుంది? కెనడాలోని ఒట్టావాలో 1983లో నాబు అనే కంప్యూటర్ సేవ మొదలైంది. ఆటలు, పాఠాలు అన్నీ కేబుల్ టీవీ తీగ ద్వారానే దానికి అందేవి. 1986లో సేవ ఆగింది, పెట్టె మూగబోయింది.

అటువంటి పెట్టెలు దాదాపు 2,200, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక కొట్టంలో ముప్పై ఏళ్లకు పైగా పడియున్నవి. 2022లో యజమాని వాటిని ఈబేలో అమ్మకానికి పెట్టాడు. ఈబే ఆన్‌లైన్ వేలంపాటలకు పేరుపొందినదే గాని, ఇతడు పాట పెట్టలేదు. మొదట ఒక్కొక్కటి సుమారు 60 డాలర్లని ధర కట్టాడు. అదే తెలివైన పని అని నా తలంపు. ఒక్కటే ఉన్న వస్తువుకు పాట పెరుగుతుంది గాని, వేలకొద్దీ ఉన్నదానికి ఎవరు పోటీపడతారు?

అయినను కొన్నవారికి దక్కినది మూగ పెట్టే గదా! పాత యంత్రాలంటే ప్రాణమిచ్చే కొందరు పూనుకొని, ఆగిపోయిన కేబుల్ సేవ పనిని ఇంటి కంప్యూటరే చేసేలా ప్రోగ్రాములు వ్రాశారు. ఒట్టావా పిల్లలు ఆడిన ఆటలు మళ్లీ తెరమీదికి వచ్చాయి.

మీ అటకమీద పాత రేడియో, టేపురికార్డరు ఉంటే, తూకానికి వేసేముందు ఒకసారి దించి చూడండి. అమ్మదలిస్తే, పనిచేయనిదాన్ని పనిచేయదనే వ్రాయండి. విడిభాగాల కోసం వెదికేవారు దానినీ కొంటారు.