ఆరు రోజుల చీర, రెండు రోజుల చీర

సిరిసిల్ల అనగానే మనకు మరమగ్గాల చప్పుడే గుర్తుకు వస్తుంది. ఆ ఊరిలోనే నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీరను చేతితో నేశారు. ఆ విద్యను ఆయన కుమారుడు నల్ల విజయ్ కొనసాగిస్తున్నారు. 2022లో యెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని మగ్గంపై నేసి ప్రధానమంత్రికి పంపారు. ఆ నవంబరు 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఆ నేత ప్రస్తావనకు వచ్చింది.

ఇలాంటి వాటిని చూసి మనం అబ్బురపడతాం. కాని లెక్క అడగం. అగ్గిపెట్టె చీరను చేతితో నేస్తే ఆరు రోజులు పడుతుందని, ధర 12,000 రూపాయలని, యంత్రంపై రెండు రోజుల్లో పూర్తయి 8,000కు వస్తుందని 2022 జనవరిలో పత్రికలు రాశాయి. పట్టు ఖర్చు తీయకముందే భాగించి చూద్దాం. చేతికి రోజుకు 2,000, యంత్రానికి 4,000. చీర ఖరీదు ఎక్కువే, కాని ఆ చేతికి దక్కే రోజు విలువ సగమే.

ఈ లెక్క మన ఇళ్లకూ వర్తిస్తుంది. నిఖా దుస్తులపై జరీ, పూసలు కుట్టే పనిని మనం 'మగ్గం వర్క్' అనే పిలుస్తాం. చట్రానికి బట్టను బిగించి, పైనుంచి ఆరీ సూదిని గుచ్చి, కింద రెండో చేయి అందించే దారాన్ని కొక్కెంతో పైకి లాగితే ఒక్క కుట్టు పడుతుంది. చిన్న మామిడిపిందె నిండాలంటే అలాంటివి ఎన్నో పడాలి. వేళ్ల నేర్పుతో ఇల్లు గడపడం జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు స్త్రీలకు కొత్త కాదు. బీడీలు చుట్టి పిల్లలను పెంచిన తల్లులు అక్కడ ఎందరో ఉన్నారు.

అటువంటి సోదరి ముందు కూర్చుని మనం, "ఇదే డిజైను మిషన్‌పై సగం ధరకే వస్తుంది కదా!" అంటాం. దుస్తులు ఈద్‌కు ముందే తెచ్చుకుని, డబ్బు ఈద్ తరువాత ఇస్తామంటాం. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) బోధను వింటూనే ఈ వాయిదాలు వేస్తున్నాం.

ఈసారి బేరానికి ముందు, "ఎన్ని రోజులు పట్టింది?" అని అడుగుదాం. సామగ్రి ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని ఆ రోజులతో భాగిద్దాం. వచ్చిన మొత్తానికి మన ఇంటి ఆడపిల్లను ఆ చట్రం ముందు కూర్చోబెట్టగలమా అని ఆలోచిద్దాం. పని చేసే సోదరీమణులు కూడా గంటలను ఒక పుస్తకంలో రాసుకోవాలి. రాసి పెట్టుకున్న గంటలకే ధర అడగగలం.