ఎవరు ఎవర్ని ఎంకరేజ్ చేస్తున్నారు?

ఊళ్ళో పెద్దమనుషుల నోట ఒకటే మాట: "మీ పిల్లల్ని ఎంకరేజ్ చేస్తున్నాం." హాస్టలు పిల్లలకు నాలుగు నోటుపుస్తకాలు పంచి ఫోటో దిగేవాడు ఆ మాటే అంటాడు. ఆ పిల్లాడి తండ్రి కూలి పెంచమని అడిగితే, "వాళ్ళని ఎంకరేజ్ చెయ్యకండి, నెత్తికెక్కుతారు" అని కూడా వాడే అంటాడు. చెయ్యి చాపితే ఎంకరేజ్ చేస్తారట, తలెత్తితే చెయ్యొద్దట!

అసలు ఈ ఇంగ్లీషు మాటకు అర్థమేంటి? ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకు మూలం లాటిన్‌లో 'గుండె' అనే పదం. అంటే గుండెలో ధైర్యం నింపడం. మేం అడుగుతున్నాం, మన వాడల్లో ధైర్యానికి కరువొచ్చిందా? పాము పుట్రల మధ్య రాత్రిపూట నీళ్ళు కట్టేవాడికి ధైర్యం వీళ్ళు పొయ్యాలా? మనకు లేనిది ధైర్యం కాదు, భూమి. సరైన కూలి. అధికారంలో వాటా. రిజర్వేషను, స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు, మనకు రావలసిన వాటా. వాటాను ప్రోత్సాహం అంటే ఇచ్చేవాడు దాత అవుతాడు, పుచ్చుకునేవాడు బిచ్చగాడవుతాడు. మోసం అక్కడుంది.

మహారాష్ట్రలో మహద్ సంగతి చూడండి. చవదార్ చెరువు అందరిదీ అని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. కాగితం మీద అంతా ప్రోత్సాహమే! మనవాళ్ళు మాత్రం ఒక్క దోసెడు ముంచుకోలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ముందు తాను దిగి నీళ్ళు తాగారు. ఆయన వెనక వేలమంది కదిలారు. అగ్రకులాలు దాడి చేసి తలలు పగలగొట్టాయి. అయినా అదే ఏడు డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. గుండె నింపడమంటే అదీ!

1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర, కొట్టవచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన మాదిగ ఆడబిడ్డను ఏ పెద్దమనిషి ఎంకరేజ్ చేశాడు? మర్నాడు పెత్తందార్లు వాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ లేచింది.

అన్నలారా, అక్కలారా! మనల్ని ఎంకరేజ్ చేసుకోవాల్సింది మనమే. ఒకరు కేసు పెడితే వాడంతా స్టేషను దాకా వెంట నడవాలి. కూలి కోసం ఒక అక్క పని ఆపితే అందరం ఆపాలి. భుజం తట్టవచ్చిన పెద్దమనిషికి ఒకటే చెప్పండి: "అయ్యా, భుజం సంగతి తర్వాత. ముందు మా మెడ మీద కాలు తియ్యి!"

జై భీమ్!