గన్నవరము చెప్పిన పాఠము

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన పట్టణములయందును పల్లెలయందును ఒక మాట వినవచ్చుచున్నది. అధికారమునకు రాబోవు పక్షమేదియో కనిపెట్టి దానికే వోటు వేయవలెననియు, లేనిచో మన యూరికి రోడ్డు రాదు, నీరు రాదు, పాఠశాలకు గదులు రావనియు చెప్పుకొనుచున్నారు. చదువెరుగనివారే కాదు, పఠనమందిరములలో నిత్యము పత్రికలు తిరుగవేయు విద్యావంతులును ఈ మాటనే లోకజ్ఞానమని పలుకుచున్నారు. ఇది సత్యమేయైనచో శాసనసభలో సగము పీఠములు తీసివేయవచ్చును. గెలుపు గుర్రముపై పందెము కాచుటకును వోటు వేయుటకును భేదము లేనప్పుడు ఎన్నిక యను పేరే వృథా. ఈ లోకజ్ఞానము ఎంతవరకు జ్ఞానమో ఒక శాసనసభ్యుని చరిత్రను ముందుంచుకొని విచారింపవలెనని మేము సంకల్పించితిమి.

ఆ శాసనసభ్యుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు. కృష్ణా జిల్లా గన్నవరము నియోజకవర్గమునుండి వారు 1955, 1962, 1978 సంవత్సరములలో మూడుమారులు శాసనసభకు ఎన్నికైరి. 1955 మొదలు 1967 వరకు పండ్రెండేండ్లు, 1978 మొదలు 1983 వరకు అయిదేండ్లు, వెరసి పదునేడు సంవత్సరములు సభలో నుండిరి. ఈ పదునేడేండ్లలో ఒక్కదినమైనను పాలకపక్షపు బల్లపై కూర్చుండలేదు, మంత్రి కాలేదు, మంత్రి నాశ్రయించి బ్రదుకవలసిన యవసరమును పెట్టుకొనలేదు. నేటి లోకజ్ఞానము ననుసరించి చూచినచో గన్నవరమువారు మూడుమారులు తమ వోటును కృష్ణలో కలిపినట్లే లెక్క. వారు నిజముగా నష్టపోయిరా?

సుందరయ్యగారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడులో కలిగినవారి యింట జన్మించిరి. 1930లో చదువు విడిచి గాంధీమహాత్ముని శాసనోల్లంఘనోద్యమమున ప్రవేశించి, పదునేడేండ్ల వయసుననే నిర్బంధమనుభవించిరి. పిదప సామ్యవాద మార్గము నవలంబించిరి. పేరు చివర కులమును తెలుపు మాటను తీసివేసిరి. తమ వంతు ఆస్తిని పక్షమున కర్పించిరి. సంసారబంధము ప్రజాసేవ కడ్డు రాకూడదని దంపతులిరువురును సంతానము వలదని నిశ్చయించుకొనిరి. ఇట్టివాడు పుట్టిన జిల్లాను విడిచి వేరొక జిల్లాలో అభ్యర్థియై నిలిచినాడు. అక్కడ ఆయనకు బంధుబలగము లేదు. కులము లెక్క చెప్పి వోటడుగుటకు ఆయన పేరులో కులమే లేదు. గన్నవరమువారి ముందుంచుటకు ఆయనయొద్ద నున్నది తన మాటయు, తన నడవడియు, తన పక్షపు కార్యక్రమమును మాత్రమే.

మొదటి ఎన్నిక జరిగిన కాలమును పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒకే వోటు తేడాతో పడిపోగా 1955 ఫిబ్రవరిలో మధ్యంతరపు ఎన్నికలు జరిగినవి. 1952లో మదరాసు శాసనసభలోని ఆంధ్రస్థానములలో 41 గెలిచిన కమ్యూనిస్టులు ఈమారు అధికారమే తమదని తలంచిరి. వారి నెదిరించుటకు కాంగ్రెసు, కృషికార్ లోకపక్షము, ప్రజాపక్షము ఒక్కటైనవి. నెహ్రూగారు స్వయముగా వచ్చి ప్రచారము చేసిరి. ఫలితమేమి? 196 స్థానములలో కాంగ్రెసుకు 119, కృషికార్ లోకపక్షమునకు 22, ప్రజాపక్షమునకు 5 రాగా, కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కినవి. వారికి పడిన వోట్లు తగ్గలేదు; 1952లో కంటె పెరిగి నూటికి 31 వరకు వచ్చినవి. ఎదుటివారి వోట్లు చీలకపోవుటచే స్థానములు మాత్రము జారిపోయినవి. వోటునకును స్థానమునకును నడుమ మన ఎన్నికల పద్ధతి ఎంతటి యగాధము నేర్పరుపగలదో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము తెలుగునాట లేదు.

అట్టి తుపానులో నిలిచిన పదునేవురిలో సుందరయ్యగా రొకరు. అంతకు ముందు 1952 మొదలు వారు రాజ్యసభలో నుండిరి. అందు కమ్యూనిస్టు సభ్యులకు నాయకులు. సైకిలెక్కి పార్లమెంటునకు పోవు సభ్యుడని ఢిల్లీ పట్టణ మంతయు వారినెరుగును. ఆ స్థానమును విడిచి కర్నూలులోని చిన్న శాసనసభకు వచ్చి, కరిగిపోయిన పక్షమునకు నాయకత్వము వహించిరి. పై సభనుండి క్రింది సభకు దిగివచ్చుట యని లోకులు తలంపవచ్చును. తనను ప్రజలు నేరుగా ఎన్నుకొనిన సభయే తనకు పెద్ద సభ యని వారి నడవడి చెప్పినది.

ఆ శాసనసభ సామాన్యమైన సభ కాదు. 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అను గ్రంథమును వ్రాసిన సుందరయ్యగారు, తెలుగువారి నొక్క రాష్ట్రముగా కూర్చు చర్చలు నడచిన దినములలో ఆ సభయందే యుండిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడగా సభ హైదరాబాదునకు తరలినది. తెలంగాణమున 1957లో ఎన్నికలు జరిగినను, ఆంధ్రప్రాంతమునుండి 1955లో ఎన్నికైనవారు 1962 వరకు సభ్యులుగనే కొనసాగిరి. అనగా ఏడేండ్లవరకు వారు వోటరు ముఖము చూడవలసిన పని లేకపోయినది. ఏడేండ్లు అడుగువారు లేనప్పుడు మనుష్యుడెట్లు నడచుకొనునో అదియే అతని నిజమైన పరీక్ష. ఏడేండ్ల తరువాత గన్నవరము మరల ఆయననే ఎన్నుకొనినది.

1962లో అవిభక్త కమ్యూనిస్టు పక్షమునకు 300 స్థానములు గల సభలో 51 వచ్చినవి. అయినను మూడేండ్లు గడవకమునుపే పక్షము చీలిపోయినది. సుందరయ్యగారు చీలిన యొక భాగమునకు అఖిలభారత ప్రధాన కార్యదర్శియైరి. 1964 చివర వారిని విచారణ లేకుండ నిర్బంధించి 1966లో గాని విడుదల చేయలేదు. ప్రజలెన్నుకొనిన సభ్యుడు సభలో నుండవలసిన కాలమున చెరలో నుండెను. 1967 ఎన్నికలలో రెండు కమ్యూనిస్టు పక్షములకును కలిపి వెనుకటి సంఖ్యలో సగమైన రాలేదు. అన్నదమ్ములు విడిపోయిన యింటికి పట్టుగతియే ఆ పక్షమునకు పట్టినది.

అటుపిమ్మట పదునొకండేండ్లు వారు శాసనసభలో లేరు. ఈ నడుమకాలమున జరిగిన యొక విషయము ఎన్నికల లెక్కలలో కనబడదు గాని, మా దృష్టిలో అన్నింటికంటె విలువైనది. విధానమునందు తన సహచరులతో భేదాభిప్రాయము కలుగగా సుందరయ్యగారు ప్రధాన కార్యదర్శి పదవిని 1976లో విడిచిరి. పదవిని విడిచిరి గాని పక్షమును విడువలేదు, వేరుకుంపటి పెట్టలేదు, ఎదుటిపక్షమువారి గుమ్మము త్రొక్కలేదు. రెండేండ్లకు, అరువదియైదవ యేట, సామాన్యాభ్యర్థిగా మరల గన్నవరమునకు వచ్చిరి. 1978లో ఇందిరా కాంగ్రెసు 294 స్థానములలో 175 గెలుచుకొని రాష్ట్రమును ముంచెత్తినది. గన్నవరము మాత్రము పాతమనిషినే సభకు పంపినది. గాలి యెటు వీచినను ఊడిపోని కొమ్మ యొకటి యున్నదని 1955లోవలెనే 1978లోను ఋజువైనది. 1983తో వారి శాసనసభ్యత్వము ముగిసినది. 1985 మే 19వ తేదీన వారు పరమపదించిరి.

మేమాయన సిద్ధాంతమున కనుచరులము కాము. 1948 మొదలు 1951 వరకు తెలంగాణమున స్వతంత్ర ప్రభుత్వముపై ఆయన పక్షము సాగించిన సాయుధపోరాటమును మేము సమర్థింపజాలము. కాని తుపాకి నమ్ముకొనిన పక్షము దానిని దింపి వోటుపెట్టెవద్దకు వచ్చినప్పుడు, ఆ రాకను మనసారా నిలువబెట్టినవారిలో సుందరయ్యగారు అగ్రగణ్యులు. 15 మందితో 196 మంది గల సభలో కూర్చుండి, ఓడిపోవునని తెలిసిన సవరణలను ప్రతిపాదించుచు, లెక్కలు చదివి, ప్రశ్నలడిగి, మరునాడు మరల వచ్చి కూర్చుండుటకు ఎంత ఓర్పు వలయునో యోచింపుడు. సభలో సంఖ్యాబలము లేనివాని మాటకు బలము రావలెనన్నచో ఆతడు విషయమును సమగ్రముగ నెరిగియుండవలెను. ప్రతిపక్షపు సభ్యుడు రాష్ట్రమునకు చేయు సేవ యిదియే. అధికారము తలకెక్కిన మంత్రి, ఒకడు లేచి అడుగునని భయపడి ఫైలు మరియొకమారు చదువుకొనును. ఆ భయమువలన మిగిలిన ప్రజాధనము ఏ జమాఖర్చులలోను కనబడదు.

అయినను వోటరు అడుగు ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పదు. సూత్రములు బాగుగనే యున్నవి. మా యూరి రోడ్డు మాటయేమి? న్యాయమైన ప్రశ్న. కాని రోడ్డు మంత్రిగారి సొంతసొమ్ముతో వేయునది కాదు. పన్ను అన్ని పక్షములవారియొద్దను వసూలు చేయుచున్నారు. పాలకపక్షమునకు వోటు వేయనివాడని ఎవ్వనికిని పన్ను తగ్గించుట లేదు. పన్ను పుచ్చుకొనునప్పుడు లేని పక్షభేదము పనులు చేయునప్పుడు ఎందుకు రావలెను? వోటు వేసిన యూరికే నీరిత్తుమను ప్రభుత్వము ధర్మము తప్పినది. ఆ ధర్మలోపమునకు జడిసి వోటు మార్చుకొను ప్రజలు దానినే శాశ్వతము చేయుచున్నారు. 1993లో పార్లమెంటు సభ్యులకు స్థానికాభివృద్ధి నిధి నేర్పరచిన నాటినుండి ప్రజాప్రతినిధి యన్న పనులు పంచిపెట్టువాడను తలంపు మరింత పెరిగినది. శాసనము చేయుటకు పంపినవానిని గుత్తేదారు లెక్కలకు కాపలా పెట్టుకొనుచున్నాము.

దీని ఫలితము గన్నవరమునందే కన్నులార చూచితిమి. 2019లో అక్కడ రెండు ప్రధాన పక్షముల అభ్యర్థు లెదురెదురుగా నిలువగా 838 వోట్ల తేడాతో ఒకరు గెలిచిరి. 2024లో ఆ ఇరువురే మరల ఎదురెదురుగా నిలిచిరి. కాని ఈమారు ఒకరి పక్షము నింకొకరు పుచ్చుకొనియుండిరి! మనుష్యులు వారే, జెండాలు తారుమారు. ఐదేండ్లకు పూర్వము పక్షమును చూచి వోటు వేసినవాడు ఈమారు మనిషిని విడువవలెను. మనిషిని చూచి వేసినవాడు పక్షమును విడువవలెను. ఏ వ్యక్తినో నిందించుట మా యుద్దేశము కాదు. ఈ వ్యాధి ఒక యూరిది కాదు, ఒక పక్షముది కాదు. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఉభయరాష్ట్రములందును ప్రతిపక్షపు సభ్యులు పలువురు పాలకపక్షపు పందిరిలో చేరుట చూచితిమి. నియోజకవర్గాభివృద్ధికే పోవుచున్నామని ప్రతివారును చెప్పిరి.

చట్టము లేక కాదు. పక్షము ఫిరాయించినవారు సభ్యత్వము కోల్పోవునట్లు 1985లో రాజ్యాంగమును సవరించిరి. మూడవవంతు సభ్యులు చీలిపోవచ్చునను వెసులుబాటును 2003లో తీసివేసిరి. అయినను తీర్పు చెప్పు నధికారము సభాపతిది; సభాపతియో పాలకపక్షమునుండి వచ్చినవాడు. ఫిర్యాదులు బల్లపై నుండగానే కాలము గడచిపోవుచున్నది. చట్టమునకు గల ఈ రంధ్రమును పూడ్చవలసినదే; తీర్పునకు గడువు నిర్ణయింపవలసినదే. కాని వోటరు తానే ఫిరాయింపును లోకజ్ఞానమని మెచ్చుకొనుచుండగా ఏ చట్టము నిలువగలదు?

గన్నవరమువారు నష్టపోయిరా యని మొదట ప్రశ్నించితిమి. వారికి మంత్రి దొరకలేదు, నిజమే. రేపెక్కడ నుండునో నేడే చెప్పగల ప్రతినిధి దొరికినాడు. వారు వోటు వేసిన పక్షమే పదునేడేండ్లును సభలో వారి పక్షమున మాటలాడినది. నడుమ అంగడిలో మారకము కాలేదు. తమ వోటు తాము వేసినచోటనే యున్నదని నిద్రపోగల భాగ్యము నేడెన్ని నియోజకవర్గములకు కలదు?

పఠనమందిరములలో కూడు మిత్రులకు మా మనవి యొక్కటి. గోడపై నాయకుల పటములు వ్రేలాడదీసినంతమాత్రమున ప్రయోజనము లేదు. ఆ పటముల క్రింద ఒక పుస్తకము పెట్టుడు. మీ నియోజకవర్గపు సభ్యుడు, ఏ పక్షమువాడైనను సరే, సభకు ఎన్నిదినములు పోయెనో, ఏ ప్రశ్నలడిగెనో, ఏ బిల్లుపై నోరు విప్పెనో, ఏ జెండాక్రింద గెలిచి ఏ జెండాక్రింద కూర్చుండెనో అందు వ్రాయుడు. 2003 నుండి ప్రతి అభ్యర్థియు తన యాస్తులను, తనపై గల కేసులను ప్రమాణపత్రమున తెలుపవలసియున్నది. ఆ పత్రములోని లెక్కలను ఎన్నికకొకమారు ప్రక్కప్రక్కన వ్రాయుడు. అయిదేండ్లకు వోటడుగ వచ్చినప్పుడు పూలదండ వేయుటకు ముందు ఆ పుస్తకమును తెరచి చదివి వినిపింపుడు. అధికారపు టెన్నికల గుర్రములు వచ్చును, పోవును. ఊరి పుస్తకములోని వ్రాత మాత్రము మీ బిడ్డలు చదువుకొందురు.