గుత్తేదారు వెళ్లిపోయాక వంతెనకు దిక్కెవరు?
- గోదావరిపై 4 వంతెనలు... 4 తరాల నిర్మాణ విధానాలు
- ప్రారంభోత్సవంపై ఉన్న శ్రద్ధ నిర్వహణపై ఏదీ?
- 2027 పుష్కరాల లోగా తేల్చుకోవలసిన లెక్కలు

రాజమహేంద్రవరం: ఒక వంతెన పూర్తయిందని ఎప్పుడు చెప్పాలి? గుత్తేదారు చివరి బిల్లు అందుకున్న రోజునా, నాయకులు రిబ్బను కత్తిరించిన రోజునా, లేక పాతికేళ్ల తరువాత కూడా బస్సు కుదుపు లేకుండా దాటిన రోజునా? రాజమహేంద్రవరం, కొవ్వూరు పట్టణాల మధ్య గోదావరిపై నిలిచిన నాలుగు వంతెనలు ఈ ప్రశ్నకు నాలుగు రకాల సమాధానాలు ఇస్తున్నాయి. 1900లో ఒకటి, 1974లో ఒకటి, 1997లో ఒకటి, 2015లో ఒకటి వాడుకలోకి వచ్చాయి. నది ఒక్కటే. ఇసుక నేల ఒక్కటే. ఏటా వచ్చే వరదా ఒక్కటే. కట్టిన పద్ధతి, కట్టించిన ఒప్పందం మాత్రం ప్రతిసారీ మారాయి. కట్టిన తరువాత చూసుకోవలసిన బాధ్యత ఎవరిదన్నదీ దానితోపాటే మారింది. నేడు ప్రజలు ఎదుర్కొంటున్న ఇబ్బందుల మూలాలు చాలావరకు అక్కడే ఉన్నాయి.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ అంశం మరింత ముఖ్యమైంది. అంతకు ముందు గోదావరి రెండు జిల్లాలకు సరిహద్దు. కొవ్వూరు వాసులు కలెక్టరేట్ పని పడితే ఏలూరు వెళ్లేవారు. పునర్విభజనలో కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడిన తూర్పుగోదావరి జిల్లాలో చేరాయి. దాంతో పశ్చిమ గట్టున ఉన్న రైతు, విద్యార్థి, రోగి, ఉద్యోగి జిల్లా కేంద్రానికి చేరాలంటే నది దాటక తప్పదు. వంతెన మూతపడితే ఒక జిల్లా రెండు ముక్కలైనట్టే.

తొలి వంతెన: శతాబ్దం నిలిచిన రాతి స్తంభాలు

19వ శతాబ్దం చివరి దశకంలో బెజవాడ వైపు నుంచి వచ్చిన రైలు మార్గం కొవ్వూరు గట్టున ఆగిపోయేది. ప్రయాణికులు రేవు దాటి రాజమండ్రిలో మళ్లీ రైలెక్కవలసి వచ్చేది. మద్రాసు, హౌరా మధ్య ఉన్న ఈ తెగిన ముడిని కలపడానికి 1897లో వంతెన పనులు ప్రారంభించారు. గ్రాన్‌విల్ వాల్టన్ అనే ఇంజినీరు పర్యవేక్షణలో మూడేళ్లలోపే నిర్మాణం ముగిసి, 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు దానికి పెట్టారు. రెండున్నర కిలోమీటర్లకు పైబడిన పొడవులో 56 ఖానాలు, రాతి స్తంభాలు, వాటిపై ఉక్కు దూలాలు దాని స్వరూపం.

నది అడుగున గట్టి రాయి దొరకని చోట పునాది వేయడం నేటికీ కష్టమైన పనే. ఇసుకలోకి పెద్ద బావిని దించి, లోపలి ఇసుకను తోడుతూ పోతే బావి తన బరువుతో తానే కిందికి దిగుతుంది. తగిన లోతుకు చేరాక దానిని నింపి, పైన స్తంభం లేపుతారు. దీనినే బావి పునాది అంటారు. నాలుగు తరాల ఇంజినీర్లకూ గోదావరి పెట్టిన మొదటి పరీక్ష ఈ ఇసుక నేలే.

హేవ్‌లాక్ వంతెన 1997 వరకు, అంటే 97 ఏళ్లపాటు సేవలందించింది. కట్టించిన వ్యవస్థే దానిని చూసుకోవడం ఈ దీర్ఘాయువుకు ప్రధాన కారణం. ఏటా వర్షాకాలానికి ముందు, తరువాత వంతెనలను తనిఖీ చేయడం, ఫలితాలను రిజిస్టరులో రాయడం రైల్వేలో పాతుకుపోయిన సంప్రదాయం. ఏ దూలానికి ఎప్పుడు రంగు వేశారో, ఏ స్తంభం వద్ద ఇసుక ఎంత కోతపడిందో ఆ పుస్తకం చెబుతుంది.

రెండో వంతెన: ఒక కట్టడం, ఇద్దరు యజమానులు

1970వ దశకం వరకు రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు వంతెన లేదు. రైలు లేదంటే పడవ, లాంచీ అన్నదే పరిస్థితి. రెండో రైలు మార్గం అవసరమైనప్పుడు దానిపైనే రోడ్డు కూడా వేయాలని నిర్ణయించారు. బ్రెయిత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ నిర్మాణ సంస్థ చేపట్టిన ఈ రోడ్డు-రైలు వంతెన 1974లో అందుబాటులోకి వచ్చింది. కింది అంతస్తులో ఒక రైలు మార్గం, పై అంతస్తులో రెండు వరుసల రోడ్డు దీని ప్రత్యేకత. రైలు భాగం సుమారు 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం 4.1 కిలోమీటర్లు. ఆసియాలోని పొడవైన రోడ్డు-రైలు వంతెనలలో ఒకటిగా ఇది పేరు పొందింది.

ఈ వంతెన రెండు గట్లనూ ఒకే పట్టణంలా మార్చివేసింది. అయితే సమస్య కూడా దానితోనే పుట్టింది. ఉక్కు కట్టడం, రైలు మార్గం రైల్వే అధీనంలో ఉంటే, పైనున్న రోడ్డు ఉపరితలాన్ని చూడవలసింది రాష్ట్ర రహదారులు, భవనాల శాఖ. రోడ్డుపై గుంత పడితే అది తారు సమస్యగా పైకి కనిపిస్తుంది. నిజానికి రెండు పలకల మధ్య అతుకు (ఎక్స్‌పాన్షన్ జాయింటు) దెబ్బతింటే వాన నీరు కిందికి కారి ఉక్కును తింటుంది. అంటే ఒక శాఖ ఆలస్యం చేసిన మరమ్మతు మరొక శాఖ ఆస్తికి చేటు తెస్తుంది. ఒకరికి నిధులున్నప్పుడు మరొకరి అనుమతి రాదు, అనుమతి వచ్చేసరికి నిధులు ఉండవు.

2023 సెప్టెంబరు చివరలో మరమ్మతుల కోసం ఈ వంతెనపై రోడ్డు రాకపోకలను నిలిపివేయవలసి వచ్చింది. కొవ్వూరు నుంచి రోజూ ఉద్యోగాలకు, కళాశాలలకు, ఆసుపత్రులకు వచ్చేవారు చుట్టుదారులు పట్టారు. మరమ్మతు అవసరమే. కానీ అర్ధ శతాబ్దం నాటి వంతెనకు ఏ ఏడాది ఏ పని చేయాలో ముందే ప్రణాళిక ఉంటే, ప్రజలకు ప్రత్యామ్నాయం చూపి దశలవారీగా చేసే వీలుంటుంది.

మూడో వంతెన: కాంక్రీటు విల్లు

హేవ్‌లాక్ వంతెన వయసు మీరడంతో దాని స్థానంలో కొత్తది కట్టాలని రైల్వే నిర్ణయించింది. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ నిర్మించిన ఆర్చి వంతెన 1991లో మొదలై 1997లో రైళ్లకు అందుబాటులోకి వచ్చింది. ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్ల వెడల్పు గల 28 ఖానాలు దీనికి ఉన్నాయి. విల్లులా వంగిన కాంక్రీటు తోరణాలు పైన, వాటి నుంచి వేలాడే తీగెల కట్టలు మధ్యలో, రైలు నడిచే పెట్టె దూలం కింద ఉంటాయి. ఉక్కు చట్రం బదులు ముందే బిగించిన ఉక్కు తీగెలున్న కాంక్రీటుతో ఇంత పెద్ద ఖానాలపై రైలు నడపడం నాటికి దేశంలో అరుదైన సాహసం. రాజమండ్రి చిత్రం అనగానే ఎవరికైనా కళ్ల ముందు మెదిలేది ఈ తోరణాలే.

ఇక్కడ ఒక అంశాన్ని గమనించాలి. 1974 వంతెనపై ఒక రైలు మార్గమే ఉంది, 1997 వంతెనపైనా ఒకటే. చెన్నై, హౌరా ప్రధాన మార్గంలోని జంట పట్టాలు గోదావరి వద్ద ఈ రెండు వంతెనలపై చెరొకటిగా సాగుతున్నాయి. ఏ ఒక్కదానిపై రాకపోకలు ఆగినా తూర్పు తీరమంతటా రైళ్లు బారులు తీరవలసిందే. కాబట్టి ఈ వంతెనల ఆరోగ్యం జిల్లాకు పరిమితమైన విషయం కాదు.

నాలుగో వంతెన: టోలు లెక్కల నడుమ

నాలుగో వంతెన నాటికి కాలం పూర్తిగా మారింది. ప్రభుత్వమే డబ్బు పెట్టి కట్టించే పద్ధతి పోయి, ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టి, కట్టి, కొన్నేళ్లు టోలు వసూలు చేసుకుని, చివరికి ప్రభుత్వానికి అప్పగించే విధానం వచ్చింది. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం గామన్ సంస్థ ఈ బాధ్యత చేపట్టింది. కొవ్వూరు వైపు నుంచి కాతేరు, కొంతమూరు, దివాన్‌చెరువు దిశగా సాగే ఈ మార్గంలో ఒక్క వంతెనే 4 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అనుకున్న గడువు దాటి, 2015 జులైలో గోదావరి పుష్కరాల వేళకు ఇది తెరుచుకుంది.

ఈ విధానంలో ఒక మేలు ఉంది. కట్టినవారే నిర్వహించాలి కనుక నాసిరకంగా కట్టడం వారికే నష్టం. అయితే ఆ లెక్క కుదరాలంటే వాహనాలు రావాలి. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వరకు జాతీయ రహదారి నాలుగు వరుసలుగా మారింది వంతెన తెరిచిన కొన్నేళ్లకు గానీ కాదు. దారి లేని వంతెనకు భారీ లారీలు ఎలా వస్తాయి? ఆదాయం అంచనాలను అందుకోకపోతే మొదట కోత పడేది నిర్వహణ ఖర్చు మీదే. ఒప్పందంలో రాసుకున్న బాధ్యత కాగితం మీద అలాగే ఉంటుంది, దానిని మోసే స్తోమత మాత్రం సన్నగిల్లుతుంది.

2022 సెప్టెంబరులో ఈ వంతెనపై ఒక స్తంభం వద్ద బేరింగు దెబ్బతిని రాకపోకలను నియంత్రించవలసి వచ్చింది. స్తంభానికి, దూలానికి మధ్య ఉండే ఈ బేరింగు వంతెనకు మోకాలి చిప్ప వంటిది. ఎండకు దూలం సాగినా, బరువుకు కదిలినా ఆ కదలికను అదే భరిస్తుంది. తెరిచిన ఏడేళ్లకే ఇటువంటి ఇబ్బంది తలెత్తడం, కొత్త వంతెనకు నిఘా అవసరం లేదన్న భ్రమను తొలగించింది.

ఒప్పందం మారితే బాధ్యత మారుతుంది

రోడ్డు పనులలో నేడు ప్రధానంగా మూడు విధానాలు కనిపిస్తాయి. మొదటిది, ప్రభుత్వం పూర్తి సొమ్ము చెల్లించి పని చేయించుకునే పద్ధతి. ఇందులో లోపాలను సరిదిద్దే బాధ్యత గుత్తేదారుపై నిర్ణీత కాలం మాత్రమే ఉంటుంది. రెండోది, నాలుగో వంతెనకు అనుసరించిన టోలు పద్ధతి. మూడోది, 2016 నుంచి జాతీయ రహదారులలో విస్తరించిన మిశ్రమ పద్ధతి. దీనిలో 40 శాతం సొమ్మును నిర్మాణ కాలంలోనూ, మిగిలిన 60 శాతాన్ని నిర్వహణ కాలంలో వాయిదాల రూపంలోనూ ప్రభుత్వం చెల్లిస్తుంది. వాహనాల రద్దీ తగ్గినా గుత్తేదారు ఆదాయం పడిపోదు, రోడ్డు పాడైతే మాత్రం వాయిదాకు కోత పడుతుంది. గోదావరి అనుభవాన్ని చూస్తే ఈ మూడింటిలో ఏది మేలన్న వాదన కంటే, ఏ పద్ధతిలోనైనా గడువు ముగిశాక కట్టడాన్ని చేతిలోకి తీసుకునే శాఖకు నిధులు, సిబ్బంది, వివరాల పుస్తకం ఉన్నాయా అన్న ప్రశ్నే ముఖ్యమని తేలుతుంది.

కింది నుంచి వచ్చే ముప్పు

వంతెనకు పైనుంచి వచ్చే ముప్పు లారీ బరువైతే, కింది నుంచి వచ్చేది కోత. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. 2022 జులైలోనూ 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి వేళ స్తంభం చుట్టూ సుడి తిరిగే నీరు ఇసుకను లాక్కుపోతుంది. బావి పునాది బలమంతా దాని చుట్టూ ఉన్న ఇసుక పట్టులోనే ఉంది. అందుకే వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్లలోపు ఇసుక తవ్వరాదని రాష్ట్ర వాల్టా నిబంధనలు చెబుతున్నాయి. గోదావరి ఇసుకకు ఉన్న గిరాకీ తెలిసినవారికి ఈ నిబంధన అమలు ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. వందల కోట్లతో కట్టిన పునాది పక్కన కొన్ని లారీల ఇసుకకు కక్కుర్తి పడటం ఇల్లు కాల్చి బొగ్గులమ్ముకోవడమే.

హేవ్‌లాక్ చెప్పే పాఠం

రైళ్లు ఆగిన తరువాత హేవ్‌లాక్ వంతెన భవితవ్యం ఏళ్ల తరబడి తేలలేదు. ఉక్కును అమ్మివేయాలన్న ఆలోచనకు, చారిత్రక కట్టడంగా కాపాడాలన్న నగరవాసుల కోరికకు మధ్య అది తుప్పు పడుతూ నిలిచింది. చివరకు 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి 94 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో శంకుస్థాపన జరిగింది. పాత వంతెనను పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దడం అందులో భాగం. మంచిదే. అయితే 28 ఏళ్ల నిర్లక్ష్యం తరువాత చేసే పునరుద్ధరణకు, ఏటా కొద్దికొద్దిగా చేసే నిర్వహణ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చవుతుంది.

చేయవలసినవి

2027లో గోదావరి పుష్కరాలు. లక్షలాది యాత్రికుల భారం ఈ వంతెనలపైనే పడుతుంది. ఘాట్ల సుందరీకరణకు, రోడ్ల విస్తరణకు అంచనాలు తయారుచేసే యంత్రాంగం ఈ కొన్ని పనులను కూడా జాబితాలో చేర్చడం అవసరం.

- రోడ్డు-రైలు వంతెనకు సంబంధించి రైల్వే, రహదారులు, భవనాల శాఖలు ఉమ్మడి తనిఖీ జరిపి, ఎవరి వాటా పని ఏదో, దానికి నిధులు ఎక్కడివో రాతపూర్వకంగా తేల్చాలి.
- నాలుగో వంతెన బేరింగులు, అతుకుల స్థితిపై తనిఖీ నివేదికను ప్రజల ముందు ఉంచాలి.
- స్తంభాల వద్ద నది లోతును వరదకు ముందు, తరువాత కొలిచి నమోదు చేయాలి. 500 మీటర్ల హద్దును నది గట్టున గుర్తులతో చూపాలి.
- రెండు రోడ్డు వంతెనలనూ ఒకేసారి మూయవలసిన అగత్యం రాకుండా మరమ్మతుల కాలపట్టిక ముందే ప్రకటించాలి.

వీటిలో ఏదీ శిలాఫలకం వేయించే పని కాదు. అందుకే ఎవరికీ పట్టడం లేదు. బేరింగు మార్చినందుకు, అతుకు సరిచేసినందుకు సభలు జరగవు, పూలదండలు పడవు. గుత్తేదారు యంత్రాలు, మనుషులతో మరో ఊరికి తరలిపోతాడు. ఆ పని అతడి ఘనతల జాబితాలో ఒక వరుసగా మిగులుతుంది. వంతెన మాత్రం ఇక్కడే ఉంటుంది. కొవ్వూరు నుంచి తెల్లవారుజామున కూరగాయల గంపతో బయలుదేరే రైతు, రాత్రి వేళ అంబులెన్సులో వచ్చే రోగి దాని మీదుగానే నది దాటాలి. 1900 నాటి రాతి స్తంభాలు నేటికీ నిలబడి ఉన్నాయంటే కట్టినవారి నైపుణ్యం ఎంతటిదో, 97 ఏళ్లపాటు తనిఖీ పుస్తకాన్ని మూయకుండా రాసినవారి శ్రద్ధ కూడా అంతటిదే. మిగిలిన మూడు వంతెనలకు ఆ పుస్తకం రాసే చేయి ఎవరిదో తేల్చవలసిన సమయం ఇదే.