వాకిటి పూలు: గునుగు, పట్టుకుచ్చు

బతుకమ్మకు ఇంకా మూడు నెలలుంది. గునుగు విత్తనం వేయడానికి ఇదే అదను. ఇప్పుడు వేస్తే పెత్రమాస నాటికి పూలు చేతికొస్తాయి.

సోలాపూర్, భివండీ పేటల్లో పండుగ దగ్గరపడితే పూల ధర ఎట్లుంటుందో మీకు తెలుసు. ఊళ్లో చేలల్లోనూ గడ్డిమందు కొట్టి గునుగును చంపేస్తున్నారు. మన పిల్లలకు బంతి తెలుసు గానీ, గునుగు చూపిస్తే గడ్డి అంటున్నారు. నా బాధ అదే.

ముందు గుర్తుపట్టడం నేర్పండి. గునుగు నిటారుగా పెరుగుతుంది, ఆకు సన్నగా కోసుగా ఉంటుంది. కంకి కింద వెండి తెలుపు, కొసన గులాబి. ముట్టుకుంటే కాగితంలా ఉంటుంది. ఉత్తరేణి కంకి చూసి మోసపోవద్దు, దాని గింజలు చీరకు అంటుకుంటాయి. మరాఠీవాళ్లు గునుగును కుర్డూ అంటారు, లేత ఆకు కూర వండుతారు. పట్టుకుచ్చు దీని చుట్టమే. కోడిజుట్టులా ముడతలు పడి, మఖమల్ గుడ్డలా ఉంటుంది.

చాల్‌లో ఉన్నా ఫరవాలేదు, పాత పెయింటు డబ్బా చాలు. అడుగున నాలుగు బొక్కలు పెట్టండి. మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపండి. విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి పైపైన చల్లి, అరచేత్తో అదమండి. లోతుగా పూడిస్తే మొలవదు. వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. డబ్బాకు రెండు మొక్కలుంచి మిగతావి పీకి కూర వండుకోండి.

ఎండ బాగా తగలాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. గునుగు జానెడు ఎత్తు రాగానే కొస గిల్లితే కంకులు ఎక్కువొస్తాయి. పట్టుకుచ్చును మాత్రం గిల్లవద్దు, పెద్ద పువ్వు పోతుంది.

పొద్దున్నే కోయండి. ఆకులు దూసి నీళ్లలో నిలబెట్టి, రోజూ నీళ్లు మారిస్తే వారం నిలుస్తాయి. కట్టగట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే ఎండినా అందం పోదు.

కోతప్పుడు రెండు కంకులు చెట్టుకే వదిలేయండి. ఎండాక పేపరు మీద దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి. పొట్లం కట్టి పేరు రాసి దాచండి. పక్కింటి వదినకూ ఒక చిటికెడు ఇవ్వండి. వచ్చే ఏడు విత్తనానికి ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.