ఏర్పేడు ఇసుక: బొగ్గు గనికున్న లెక్క నదికెందుకు లేదు?

2017 ఏప్రిల్ 21. స్వర్ణముఖిలో ఇసుక అక్రమ తవ్వకాలు ఆపాలంటూ మునగలపాలెం రైతులు ఏర్పేడు పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చారు. అదుపు తప్పిన లారీ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టి జనంపైకి దూసుకొచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు.

ప్రమాదం గురించి అందరూ మాట్లాడారు. వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారన్నది మాత్రం మెల్లగా పక్కకు పోయింది.

స్వర్ణముఖి ఏడాదంతా పారే నది కాదు. వానలు తగ్గాక నీళ్లు ఇసుక కిందే ఉంటాయి. ఒడ్డు పొలాల బోర్లకు అదే ఆధారం. ఇసుక తోడేస్తే బోరు ఎండినట్టే.

తవ్వకాలంటే మనకు ముందు గుర్తొచ్చేవి సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లు. అక్కడా ఊళ్లు ఖాళీ అయ్యాయి, దుమ్ము, బ్లాస్టింగ్‌ల బాధ తక్కువేం కాదు. కానీ ఆ గుంతకు జవాబుదారీ ఉంది. 2009 కేంద్ర మార్గదర్శకాలతో గని మూసివేత ప్లాన్ తప్పనిసరైంది. అందుకోసం అప్పటి లెక్కన హెక్టారుకు 6 లక్షలు చొప్పున ఎస్క్రో ఖాతాలో జమ చేయాలన్నారు.

మరి ఇసుకకు? మూడు మీటర్లు లేదా నీటిమట్టం, ఏది తక్కువైతే అంతవరకే తవ్వాలని రూల్. రాత్రిపూట జేసీబీ దిగితే కొలిచేదెవరు?

2024 జులై 8 నుంచి రాష్ట్రంలో మళ్లీ ఉచిత ఇసుక. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఊరటే. అయితే చర్చంతా లోడింగ్, రవాణా ఛార్జీల చుట్టూనే. రీచ్‌లో ఎంత లోతు తవ్వారో నెలనెలా గ్రామ సచివాలయం బోర్డు మీద రాస్తే, ఆ లెక్క కోసం రైతు స్టేషన్‌కు వెళ్లాల్సిన పనుండదు.