కారు బ్యాటరీ మార్చడానికి మెకానిక్ ఎందుకు?

ఫోన్ బ్యాటరీ మార్చాలంటే వేడి చేయడం, జిగురు ఊడదీయడం... నానా తంటాలు. కారు బ్యాటరీకి చాలా మోడళ్లలో ఒక 10 ఎంఎం స్పానర్ చాలు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నాది నేనే మార్చుకున్నా. అయినా మనవాళ్లు దీనికే ఎక్కువ భయపడతారు, ఎందుకో మరి.

ముందు ఒక మల్టీమీటర్ కొనండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.6 వోల్ట్స్ దగ్గర చూపిస్తే ఛార్జ్ ఫుల్. 12.2 అంటే దాదాపు సగమే. ఇంజిన్ ఆన్ చేస్తే 14 దరిదాపుల్లోకి రావాలి. అప్పుడూ 12 దగ్గరే ఆగిపోతే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ని. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా అదీ డౌన్ అవుతుంది, వేల రూపాయలు దండగ. మీటర్ పెట్టకుండానే "బ్యాటరీ పోయింది సార్" అనేవాళ్లని నేనైతే నమ్మను.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆర్డర్ దగ్గర. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర్లో నెగటివ్. కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కనెక్ట్ అయి ఉంటుంది కదా, అది తీయకుండా పాజిటివ్ మీద స్పానర్ పెడితే, అది బాడీకి తగిలిందంటే షార్టే. ఉంగరం, కడియం తీసేయండి (12 వోల్ట్స్ షాక్ కొట్టదు గానీ, షార్ట్ అయితే ఉంగరం వేలిని కాల్చేస్తుంది).

స్టార్ట్-స్టాప్ ఉన్న కారుకి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి. చవకని మామూలుది పెడితే త్వరగా పోతుంది. కొన్ని ఖరీదైన కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో రిజిస్టర్ చేయాలి, వాటికి మాత్రం సర్వీస్ సెంటరే దిక్కు.

పాతది చెత్తలో పడేయొద్దు, లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. షాపులో ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు కూడా.